ముప్ఫై ఏళ్ల వయసులో అమ్మవారు పోస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 29, నల్లగొండలో ఉద్యోగం. పోయిన ఆదివారం దేవరకొండ దగ్గర మీ ఊళ్లో ఫంక్షన్ అయింది, రాత్రి అందరూ ఒకే హాల్లో చాపలేసుకుని పడుకున్నారు. సోమవారం పొద్దున లేచేసరికి మీ అన్న కొడుక్కి, ఆరేళ్లవాడికి, ఒళ్లంతా నీటి పొక్కులు. మీకు చిన్నప్పుడు వచ్చినట్టు గుర్తు లేదు. మీ మేనమామేమో పెద్దయ్యాక రాదంటున్నారు, ఆఫీసులో వాళ్లేమో వస్తే ప్రాణం మీదికే అంటున్నారు. అసలు పెద్దవాళ్లలో చికెన్‌పాక్స్ ఎంత మామూలు అని అడిగారు. చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు: "మా మిసెస్‌కు నాలుగో నెల, ఆమె కూడా మాతోనే ఉంది."

జవాబు ముందే చెప్తాను. వస్తుంది. మన దగ్గర అంత అరుదు కూడా కాదు. మీ వయసు మిమ్మల్ని కాపాడదు. చిన్నప్పుడు ఒకసారి వచ్చి పోయి ఉంటేనో, టీకా రెండు డోసులు పడి ఉంటేనో రక్షణ ఉంటుంది. ఆ రెండూ లేకపోతే ఆరేళ్లవాడికీ, అరవై ఏళ్లాయనకూ అంటుకునే అవకాశం ఇంచుమించు ఒకటే. ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉండి రక్షణ లేనివాళ్లలో పదిమందికి తొమ్మిదిమందికి అంటుకుంటుంది.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. పాలమూరు వైపు పీహెచ్‌సీల్లో పదకొండేళ్లు చేసి, తర్వాత మిర్యాలగూడలో క్లినిక్ పెట్టుకున్నాను. అంతా కలిపి ఇరవై ఆరేళ్లు. ఏటా శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా నా దగ్గరికి వచ్చే చికెన్‌పాక్స్ కేసుల్లో ఇరవై దాటినవాళ్లు ఉండని వారం ఉండదు. వాళ్లు కూర్చోగానే అనే మాట కూడా ఒకటే: "గిది పోరగాళ్లకొచ్చేది గద సార్, నాకెట్లొచ్చింది?"

మీ సంగతి తర్వాత. ముందు మీ ఆవిడ సంగతి చూడండి.

ఆదివారం నుంచి ఇవాళ్టికి నాలుగు రోజులు. పొక్కులు పైకి కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది ఇతరులకు అంటుతుంది. అంటే మీరంతా కలిసి పడుకున్న రాత్రి పిల్లవాడు పైకి బాగానే ఉన్నా, అప్పటికే వైరస్ వదులుతున్నాడు. కాబట్టి "ఇప్పుడు దూరంగా ఉంచాం సార్" అంటే, మంచిదే, కానీ ఆదివారం నాటిది ఆదివారమే అయిపోయింది.

మొదట అత్తగారికి ఫోన్ చేసి అడగండి, కూతురికి చిన్నప్పుడు అమ్మ పోసిందా అని. ఈ విషయంలో తల్లుల జ్ఞాపకం గట్టిది. ఎన్ని రోజులు వేపాకుల మీద పడుకోబెట్టారో, పోచమ్మకు నీళ్లు ఎప్పుడు పోశారో కూడా చెప్తారు. పోసింది అని ఖాయంగా అంటే చాలావరకు భయం లేదు. గుర్తు లేదన్నా, అనుమానంగా చెప్పినా రేపే ఆమె రక్తం వెరిసెల్లా ఐజీజీ పరీక్షకు ఇవ్వండి, అంటే చికెన్‌పాక్స్ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఒంట్లో ఉన్నాయా అని చూసే పరీక్ష. యాంటీబాడీలు ఉన్నాయని వస్తే ఆమెకూ కడుపులో బిడ్డకూ ప్రమాదం లేనట్టే.

లేవని వస్తే గైనకాలజిస్టుకు ఆ రోజే చెప్పాలి, నెలవారీ చెకప్ దాకా ఆగొద్దు. ఇలాంటివాళ్లకు ఇచ్చే ప్రత్యేకమైన ఇమ్యూనోగ్లోబులిన్ ఇంజక్షన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీలే ఎక్కించేది, ఒకటి ఉంది, అంటుకున్న పది రోజుల లోపు పడాలి. ఖరీదైంది, మన జిల్లాల్లో మెడికల్ షాపుకు వెళ్తే దొరికేది కాదు, హైదరాబాద్ నుంచి తెప్పించాలి. అందుకే రోజులు లెక్కపెడుతున్నాను. అది దొరక్కపోతే ఈ వైరస్ మీద పనిచేసే ఎసైక్లోవిర్ లాంటి మాత్రలు ముందు జాగ్రత్తగా వాడే పద్ధతి కూడా ఉంది, అది ఆవిడను చూసే డాక్టరు నిర్ణయం.

ఆవిడను భయపెట్టకండి. ఇరవై వారాల లోపు తల్లికి వచ్చినా బిడ్డకు లోపాలు ఏర్పడేది నూటికి ఒకటి రెండు కేసుల్లోనే, అది కూడా తల్లికి నిజంగా వస్తేనే. నిజానికి ఆ సమయంలో నేను ఎక్కువ కంగారు పడేది తల్లి ఊపిరితిత్తుల గురించి. గర్భిణుల్లో న్యుమోనియా వస్తే గట్టిగా వస్తుంది. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి కాన్పయిన రెండు రోజుల దాకా తల్లికి పొక్కులు వస్తే పుట్టిన బిడ్డకు చాలా ప్రమాదం, కానీ మీకు ఆ నెలలు ఇంకా రాలేదు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, గర్భిణికి ఈ టీకా మాత్రం వేయకూడదు. అది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా.

ఇక మీ ప్రశ్న.

"చిన్నపిల్లల జబ్బు" అనే పేరు ఎక్కువగా చలి దేశాల నుంచి వచ్చింది. అక్కడ టీకా లేని రోజుల్లో పదేళ్లు నిండేలోపే దాదాపు పిల్లలందరికీ వచ్చి పోయేది. పెద్దయ్యేసరికి నూటికి తొంభై మందికి పైగా రక్షణతో ఉండేవాళ్లు. మనలాంటి వేడి ప్రాంతాల్లో లెక్క వేరు. ఇక్కడ చాలామందికి బడి వయసు దాటాక, హాస్టల్ వయసులోనో పెళ్లి వయసులోనో వస్తుంది. మన పిల్లలు నర్సు ఉద్యోగానికి యూకే వెళ్తే అక్కడి ఆసుపత్రి వాళ్లు చికెన్‌పాక్స్ వచ్చిందా, యాంటీబాడీలు ఉన్నాయా అని అడగడం ఇందుకే. వేడి దేశాల్లో పెరిగిన పెద్దవాళ్లలో రక్షణ లేనివాళ్లు ఎక్కువని వాళ్లకు తెలుసు.

పాలమూరులో చేసినప్పుడు నాకు ఇది కళ్లకు కట్టినట్టు కనిపించింది. అచ్చంపేట వైపు తండాలు దూరదూరంగా ఉంటాయి. పట్నంలోలాగా ఈ వైరస్ ఏటా అక్కడికి రాదు. ఐదేళ్లకో ఎనిమిదేళ్లకో పూణె పనికి పోయినవాళ్లెవరో తీసుకొస్తారు. అప్పటిదాకా అంటుకోని పిల్లలు, వాళ్ల అమ్మలు, నాన్నలు అందరూ కలిసి పడిపోతారు. ఒక తండాలో నాలుగేళ్ల పాప, ముప్ఫై ఏళ్ల తల్లి, పద్దెనిమిదేళ్ల మేనమామ ఒకే వారంలో పొక్కులతో కూర్చున్నారు. పాప రెండో రోజే ఆడుకుంటోంది, మేనమామ మంచం దిగలేదు.

మిర్యాలగూడ వచ్చాక ఇంకోటి చూశాను. రైస్ మిల్లు పక్కన షెడ్డులో పదకొండు మంది హమాలీలు, అందరూ బిహార్ వాళ్లే, 18 నుంచి 35 లోపు. శివరాత్రి ముందు ఒకతనికి వచ్చింది. రెండు వారాలకు నలుగురు వచ్చారు. ఇంకో రెండు వారాలకు ముగ్గురు. మిగిలిన ముగ్గురిని మీకెందుకు రాలేదు అని అడిగితే నవ్వి, నుదుటి మీద, ముక్కు మీద పాత మచ్చలు చూపించారు. పెద్దవాళ్లలో ఎంత మామూలు అన్న ప్రశ్నకు నేను చదివిన పుస్తకాలకన్నా ఆ షెడ్డే బాగా జవాబు చెప్పింది.

ఆ రెండేసి వారాల ఎడం గమనించారా? వైరస్ ఒంట్లోకి వెళ్లాక పొక్కులు రావడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, చాలామందికి 14, 15 రోజుల దగ్గర బయటపడుతుంది. మీరు ఆదివారం నుంచి లెక్కేసుకోండి. పదో రోజు దాకా ఏమీ కనిపించకపోతే గండం గడిచిందని అనుకోవద్దు, అసలు చూడాల్సిన రోజులు అప్పుడే మొదలవుతాయి.

"గుర్తు లేదు" అన్నారు కదా, అందులో మీకు కొంచెం ఊరట కూడా ఉంది. గుర్తు లేదని చెప్పే పెద్దవాళ్లలో చాలామందికి పరీక్ష చేస్తే యాంటీబాడీలు ఉంటాయి. నాలుగు పొక్కులు వచ్చి చెమటకాయలనుకుని వదిలేసిన సందర్భాలు అవి. అందుకే వీలుంటే మీరూ ఐజీజీ చేయించుకోండి.

లేదా నేరుగా టీకాకు వెళ్లండి. అంటుకున్న మూడు రోజుల లోపు, ఎక్కువలో ఎక్కువ ఐదు రోజుల లోపు వేయించుకుంటే జబ్బు రాకుండా ఆగవచ్చు, వచ్చినా తేలికగా పోవచ్చు. మీకు రేపటితో ఆ గడువు అయిపోతుంది, కాబట్టి దీన్ని చదివి పక్కన పెట్టకండి. పదమూడేళ్లు దాటినవాళ్లకు రెండు డోసులు, నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో. ఇది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల జాబితాలో లేదు, పిల్లల డాక్టర్ల దగ్గర దొరుకుతుంది, డోసు రెండు వేలకు అటూ ఇటూ అవుతుంది. ఇంట్లో గర్భిణి ఉన్నారని మీరు టీకా మానాల్సిన పని లేదు. టీకా తర్వాత మీ ఒంటి మీద పొక్కుల్లాంటివి లేస్తే మాత్రం అవి తగ్గేదాకా ఆవిడకు దూరంగా ఉండండి. ఈ టీకా కనిపెట్టింది జపాన్ డాక్టరు మిచియాకి తకహాషి, 1970లలో. సొంత కొడుకు మూడేళ్ల వయసులో ఈ జబ్బుతో పడిన బాధ చూసి పట్టుబట్టాడంటారు.

పెద్దవాళ్లు కొందరు భుజం మీద పాత మచ్చ చూపించి "మాకు చిన్నప్పుడే టీకాలేశిన్రు" అంటుంటారు. అది మశూచి టీకా, అంటే పెద్దమ్మవారిది. ఆ జబ్బు మన దేశంలో 1975తో ఆగిపోయింది, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఆ టీకా చిన్నమ్మవారిని ఆపదు. రెండూ వేర్వేరు వైరస్‌లు, పేర్లలో మాత్రమే చుట్టరికం.

ఇప్పుడు మీ ఆఫీసు వాళ్ల మాట. ప్రాణం మీదికే అనడం ఎక్కువే, కానీ పూర్తిగా గాలిమాట కాదు. అమెరికాలో టీకా రాకముందు, అంటే 1995కు ముందు, చికెన్‌పాక్స్ కేసుల్లో ఇరవై దాటినవాళ్లు నూటికి ఐదుగురే. చావుల్లో మాత్రం నూటికి దాదాపు ముప్ఫై ఐదు మంది వాళ్లే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది రెండు వారాలకు లేచి తిరుగుతారు, అందులో అనుమానం లేదు. కానీ పిల్లల కంటే జ్వరం ఎక్కువ, పొక్కులు ఎక్కువ, నీరసం నెల దాకా వదలదు.

నాకే ఇరవై ఆరో ఏట, హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు వచ్చింది. నెత్తిలో, గొంతులో, కనురెప్ప లోపల కూడా పొక్కులే. మా అమ్మ ఊరి నుంచి వేపమండలు పట్టుకుని వచ్చి తొమ్మిది రోజులు పోపు పెట్టనివ్వలేదు. నేను డాక్టర్నమ్మా అంటే, "ఆమెకు నువ్వు ఎవలైతేంది" అంది.

పిల్లల్లో పొక్కులే ముందు కనిపిస్తాయి. పెద్దవాళ్లలో ఒకటి రెండు రోజులు ముందు జ్వరం, నడుము నొప్పి, తలనొప్పి ఉంటాయి. ఇక్కడే నేను కూడా బోల్తా పడ్డాను. ముప్ఫై రెండేళ్ల లెక్చరర్ జ్వరం, ఒళ్లునొప్పులు అని వస్తే డెంగీ, టైఫాయిడ్ పరీక్షలన్నీ చేయించాను. మూడో రోజు చొక్కా విప్పమంటే ఛాతీ నిండా పొక్కులు. మొదటి రోజే "ఇంట్లో పిల్లలకెవరికైనా పొక్కులొచ్చాయా" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. మీకు జ్వరం వస్తే డాక్టరుకు మొదటి మాటగా అన్న కొడుకు సంగతి చెప్పండి.

ఇవి చికెన్‌పాక్స్ పొక్కులే అని ఎలా తెలుస్తుందంటే, ముఖం, ఛాతీ, వీపు మీద ఎక్కువగా లేస్తాయి, కాళ్లూ చేతుల మీద తక్కువ. ఎర్రటి చుక్క, దాని మీద మంచుబొట్టులాంటి నీటి పొక్కు, పక్కనే పక్కు కట్టిందీ అన్నీ ఒకే చోట ఒకేసారి కనిపిస్తాయి, ఎందుకంటే ఒక్కసారిగా రావు, మూడు నాలుగు రోజులు విడతలు విడతలుగా వస్తాయి. అరచేతులు, అరికాళ్లు, నోట్లోనే ఎక్కువగా ఉంటే అది వేరే వైరస్.

పొక్కు కనిపించిన మొదటి 24 గంటలు చాలా విలువైనవి. పెద్దవాళ్లకు ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు ఐదుసార్లు, ఐదు నుంచి ఏడు రోజులు ఇస్తాం. ఆ మొదటి రోజు లోపు మొదలుపెడితే జ్వరం తొందరగా దిగుతుంది, కొత్త పొక్కులు తగ్గుతాయి. మూడో రోజు వచ్చి అడిగితే నేను ఇవ్వగలిగింది తక్కువ. కిడ్నీ సమస్య ఉంటే డోసు మారుతుంది, కాబట్టి షాపులో అడిగి మింగేయొద్దు, చీటీ రాయించుకోండి. నీళ్లు బాగా తాగండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు.

మన దగ్గర ఆ 24 గంటలు ఎక్కడ పోతాయో చెప్తాను. "అమ్మ పోసింది, మందులేస్తే ఆమెకు కోపమొస్తది" అని మూడు రోజులు, ఐదు రోజులు ఆగుతారు. నేను ఎవరి నమ్మకాన్నీ తీసేయను. వేపాకులు పక్క మీద వేసుకోండి, గోళ్లతో గీరే బదులు వేపమండతో మెల్లగా రాసుకోవడం నిజంగా మేలే. పోచమ్మకు నీళ్లు పోయండి, గోళీ కూడా వేసుకోండి. ఇద్దరి మధ్య పంచాయతీ పెట్టకండి. కానీ తొమ్మిది రోజులు ఉత్త చల్లన్నం మీద ఉంచడం నాకు నచ్చదు. జబ్బు మనిషికి పప్పు, గుడ్డు, పాలు కావాలి. స్నానం కూడా గోరువెచ్చని నీళ్లతో రోజూ చేయొచ్చు, గట్టిగా రుద్దకుండా.

దీనికంటే నాకు కోపం తెప్పించేది ఇంకొకటి. దురద తగ్గాలని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని వస్తారు. అందులో తరచుగా ఉండేది స్టెరాయిడ్. చికెన్‌పాక్స్‌లో అది మంటలో కిరోసిన్ పోసినట్టే. కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవర్‌కు రెండు రోజులు అలా సూదులు పడ్డాయి. నా దగ్గరికి వచ్చేసరికి పొక్కుల్లో రక్తం దిగుతోంది. హైదరాబాద్ పంపించాం, బతికాడు, కానీ నెలన్నర ఆసుపత్రిలోనే ఉన్నాడు. సూది వేస్తానంటే ఏం సూదో పేరు అడగండి. ఆస్తమాకో కీళ్లవాతానికో ముందు నుంచే స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు, క్యాన్సర్ మందుల మీద ఉన్నవాళ్లు అసలు ఇంట్లో ఆగకూడదు, పొక్కు కనిపించిన పూటే ఆసుపత్రికి రావాలి.

మీరు సిగరెట్ తాగుతారో లేదో రాయలేదు. తాగితే మీకు న్యుమోనియా భయం ఎక్కువ. నేను చూసిన వాటిలో గట్టి కేసు ఒక గురుకులం టీచర్‌ది, 34 ఏళ్లు, రోజుకు ఒక ప్యాకెట్. పిల్లల డార్మిటరీలో మొదలై ఆయనకు అంటింది. నాలుగో రోజు పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. "పొక్కులు మాడుతున్నయి సార్, అది తగ్గుతది" అని ఇంట్లోనే ఉన్నాడు. ఐదో రోజు భార్య పట్టుబట్టి తెచ్చింది, రక్తంలో ఆక్సిజన్ 86 శాతానికి పడిపోయి ఉంది. అందుకే చెప్తున్నాను, పొక్కులు తగ్గుతున్నా సరే ఆయాసం, దగ్గులో రక్తం, మత్తుగా ఉండటం, వాంతులు ఆగకపోవడం, తూలుతూ నడవడం, పొక్కు చుట్టూ ఎర్రగా వాచి సలుపు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాత్రయినా ఆగొద్దు.

మీకు వస్తే సెలవు ఎన్ని రోజులు పెట్టాలి? పొక్కులన్నీ పక్కులు కట్టేదాకా, మామూలుగా అయిదారు రోజులు, ఒక్కోసారి వారం. ఫుల్ చేతుల చొక్కా వేసుకుని హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చే హాస్టల్ పిల్లలను ఏటా చూస్తాను. పక్క సీట్లో ఎవరున్నారో వాళ్లకు తెలియదు కదా.

మేనమామ గారికి కూడా ఒక మాట చెప్పండి. ఆయనకు చిన్నప్పుడు వచ్చి ఉంటే మళ్లీ రావడం చాలా తక్కువ, ఆ లెక్కన ఆయన అన్నది ఆయనకు సరిపోతుంది. కానీ ఆ వైరస్ ఒంట్లోంచి పోదు, నరాల మొదళ్లలో పడుకుంటుంది. వయసు మీద పడ్డాకో షుగర్ ముదిరాకో లేస్తే అదే మనం అక్కి అనేది. నడుముకో ఛాతీకో ఒకవైపే పట్టీలాగా పొక్కులు, మంట. మా వైపు కుమ్మరివాళ్ల దగ్గరికి వెళ్లి జాజుతో అక్కి రాయించుకుంటారు. రాయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు, పొక్కులు వచ్చిన మూడు రోజుల లోపు మాత్రలు కూడా మొదలుపెట్టాలి, లేకపోతే ఆ నొప్పి నెలల తరబడి ఉండిపోవచ్చు. అక్కి ఉన్న తాతమ్మను తాకి మనవడికి అమ్మవారు పోసిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. పొక్కుల్లో నీళ్లు తగిలితే రక్షణ లేనివాళ్లకు చికెన్‌పాక్స్ వస్తుంది. కాబట్టి మీ ఇంట్లో అక్కితో ఉన్న పెద్దవాళ్లెవరైనా ఉంటే, మీ ఆవిడ వాళ్లకు పసరు పూయడం లాంటి పనులు ఇప్పుడు చేయకూడదు.

రేపు ల్యాబ్‌లో ఐజీజీ అని గట్టిగా చెప్పండి. ఐజీఎం, ఐజీజీ రెండింటినీ కలిపి ప్యాకేజీ అంటారు, ఐజీఎం కొత్తగా సోకినప్పుడు కనిపించేది, పాత రక్షణ చూడటానికి ఇప్పుడు మనకు పనికిరాదు. మీ ఆవిడ రిపోర్టు రాగానే అంకెతో సహా, పక్కన ఆ ల్యాబ్ వాళ్లు రాసే హద్దుతో సహా ఇక్కడే పెట్టండి. ఉత్త పాజిటివ్, నెగటివ్ అని రాస్తే సరిపోదు, మధ్యలో ఉండే "ఈక్వివోకల్" అనే రిపోర్టు ఒకటి వస్తుంది, దాన్ని ఆమె విషయంలో రక్షణ లేనట్టే లెక్కేయాలి.